ముందు తెరచాప ఎంత ఉండాలి?

మేముంటున్న మూసారాంబాగు పేరులోనే ఒక ఓడ ప్రయాణం దాగి ఉన్నది. నిజాం కొలువులో సేనానిగా పేరు పొందిన ఫ్రెంచివాడు మిషెల్ రేమాఁ 1775లో పుదుచ్చేరి రేవులో దిగాడు. 1798లో హైదరాబాదులో కన్ను మూశాడు. 'ముస్యూ రేమాఁ' అన్న పిలుపు మన జనం నోట నలిగి నలిగి మూసా రాముగా మారింది. ఆయన పేరిట ఈ ప్రాంతం మూసారాంబాగు అయింది. ఆయన సమాధి ఇప్పటికీ మాకు దగ్గరలోనే ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉన్నది. ఆ రోజుల్లో సముద్రం దాటాలంటే తెరచాప తప్ప వేరే దిక్కు లేదు. సముద్రానికి ఇంత దూరాన, మూసీ ఒడ్డున కూర్చుని తెరచాపల గురించి టపా రాయడానికి నాకున్న మొదటి అర్హత ఈ చిరునామాయే.

రెండవ అర్హత మా అమ్మాయి. ఆమే, అల్లుడుగారూ కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతం పక్కన కాపురముంటున్నారు. రెండేళ్ల క్రితం ఇద్దరూ కలిసి ఇరవై అయిదు అడుగుల పాత తెరచాప పడవ ఒకటి కొనుక్కున్నారు. పందేలకు కాదు, సెలవు రోజున నీటి మీద తిరిగి రావడానికి. పడవతోపాటు పాత యజమాని వాడిన తెరచాపలు కూడా వచ్చాయి. వాటిలో ముందు తెరచాప కుట్లు విడిపోయి, బట్ట సాగి, ఇక పనికిరాని స్థితికి వచ్చింది. కొత్తది కుట్టించాలి. కుట్టేవాడు అడిగిన మొదటి ప్రశ్న, "ఎంత శాతం?" అని.

ఆ ప్రశ్న దగ్గర ఆలుమగలకు పొత్తు కుదరలేదు. పాతది నూటయాభై శాతం. అదే కొలతకు కొత్తది కుట్టిద్దామని అల్లుడుగారు. "అంత పెద్దదైతే నేనిక పడవ ఎక్కను నాన్నా" అని అమ్మాయి. ఆ మాట కోపంతో అన్నది కాదు. అంతకు ముందు వేసవిలో ఒక మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా హెచ్చినప్పుడు ఆ తెరచాప తాడు ఆమె అరచేతిలోంచి జారుతూ చర్మాన్ని ఒలుచుకుపోయింది. గాయం పది రోజుల్లో మానింది గాని, పడవ మీది సరదా మాత్రం అక్కడే ఆగిపోయింది. నాలుగు నెలలపాటు అల్లుడుగారు ఒక్కరే వెళ్లి వచ్చేవారు. చివరకు ఆయనే ఫోన్ చేసి, "మావయ్యగారూ, మీరే తీర్పు చెప్పండి" అన్నారు. తగవు తీర్చమన్నది తెలుగు పండితుణ్ణి. ముప్పై ఏళ్లు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పినవాడికి, పదాన్ని విడదీసి చూడకుండా అర్థం చెప్పే అలవాటు లేదు. ఈ విషయాన్నీ అలాగే విడదీసి చూశాను.

మొదట మాట సంగతి. తెరచాపలో చాప మనకు తెలిసినదే. తెర అంటే అడ్డంగా కట్టిన వస్త్రమూ అవుతుంది, అలా అవుతుంది. అల మీద నడిపే చాప అన్నా, తెరలా కట్టిన చాప అన్నా అందంగానే ఉంటుంది. అమరకోశం వారివర్గంలో ఓడ నడుమ నిలిపే స్తంభానికి కూపకమనీ, గుణవృక్షకమనీ పేర్లు ఉన్నాయి. గుణమంటే ఇక్కడ తాడు. తాళ్లు కట్టిన చెట్టు అన్నమాట. ఒక చిన్న పడవను చూసినవారెవరికైనా ఆ పేరు ఎంత సార్థకమో తెలుస్తుంది.

నేటి చిన్న విహార పడవలకు సాధారణంగా రెండు తెరచాపలు. స్తంభం వెనుక ఉండేది పెద్ద తెరచాప, మెయిన్‌సెయిల్. స్తంభం ముందు, పడవ ముక్కు నుంచి పైకి బిగించిన తీగ వెంట నిలిచేది ముందు తెరచాప, హెడ్‌సెయిల్. అది స్తంభం దాటకుండా ముందే ఆగితే జిబ్ అంటారు. స్తంభాన్ని దాటి వెనక్కు వచ్చి పెద్ద తెరచాప మీదికి కమ్ముకుంటే జెనోవా అంటారు. ఈ రెండవ పేరు ఇటలీలోని జెనోవా నగరానిది. 1920ల దశకంలో స్వెన్ సాలెన్ అనే స్వీడన్ నావికుడు అక్కడి పందేలలో అలాంటి తెరచాప వాడగా ఆ ఊరి పేరే దానికి నిలిచిపోయింది. గమనించండి, అది పుట్టింది పందెంలో. పందెంలో తాళ్లు లాగడానికి బలమైన చేతులు చాలా ఉంటాయి. సెలవు నాటి విహారంలో ఉండేవి రెండు జతలు. అందులో ఒక జత చుక్కాని మీద ఉంటుంది.

ఇక శాతం సంగతి. మా పక్క వీథిలో లెక్కల మాస్టారొకరున్నారు. ఆయన దగ్గరకు అల్లుడుగారు పంపిన కొలతలు పట్టుకుపోయాను. స్తంభం, పడవ ముందు భాగం, ముందు తీగ, ఈ మూడూ కలిసి ఒక త్రిభుజం. ఎత్తు 9 మీటర్లు, అడుగు 3 మీటర్లు. వైశాల్యం పదమూడున్నర చదరపు మీటర్లు. తెరచాప వెనుక మూల నుంచి ముందు అంచుకు లంబం గీస్తే ఆ లంబం పొడవు త్రిభుజపు అడుగుకు ఎంత భాగమో, అదే శాతం. లంబం 3 మీటర్లయితే నూరు శాతం. నాలుగున్నర మీటర్లయితే నూటయాభై. తెరచాప ముందు అంచు పొడవు 9.2 మీటర్లు అనుకుందాం. దాన్ని లంబంతో హెచ్చించి సగం చేస్తే వైశాల్యం వస్తుంది. నూరు శాతానికి 13.8 చదరపు మీటర్లు, నూటపదికి 15.2, నూటముప్పై అయిదుకు 18.6, నూటయాభైకి 20.7.

అంకెలు నాబోటివాడికి త్వరగా ఎక్కవు. మా ముందు గది పన్నెండడుగులకు పన్నెండడుగులు. అంటే సుమారుగా నూరు శాతం తెరచాప అంత. నూటయాభై శాతమంటే ఆ గదికి మరో సగం గది కలిపినంత. ఆ అదనపు సగం గదిని పట్టి లాగవలసినది మా అమ్మాయి.

లెక్కల మాస్టారు అక్కడితో ఆగలేదు. గాలి వేగం రెండింతలైతే తెరచాప మీది ఒత్తిడి రెండింతలు కాదు, నాలుగింతలవుతుందన్నారు. వేగం వర్గంతో ఒత్తిడి పెరుగుతుంది. సముద్రపు గాలిని నాట్లలో కొలుస్తారు. ఒక నాటు గంటకు 1.852 కిలోమీటర్లు. పది నాట్ల గాలిలో హాయిగా లాగే తెరచాప మీద పదిహేను నాట్ల గాలికి రెండుంపావు రెట్ల బరువు పడుతుంది. ఇరవైకి నాలుగు రెట్లు. "మీ అల్లుడుగారు గుడ్డను కొలుస్తున్నారు. గాలిని కూడా కొలవమనండి" అన్నారాయన. ఇంతకంటె సూక్ష్మంగా చెప్పడం నా వల్ల కాదు.

గాలిని కొలవడమంటే, ఏ ఊరి గాలి అన్నది మొదటి ప్రశ్న. శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతంలో వేసవి మధ్యాహ్నాలు ఉధృతమైనవి. లోపలి లోయలు ఎండకు కాగి గాలి పైకి లేస్తుంది. ఆ చోటు నింపడానికి పసిఫిక్ మీది చల్లని గాలి గోల్డెన్‌గేట్ ఇరుకులోంచి దూసుకు వస్తుంది. ఇరవై, ఇరవై అయిదు నాట్లు అక్కడ వేసవిలో వింత కాదు. అందుకే అక్కడి వారు నూరు, నూటపది శాతాల జిబ్‌తోనే తృప్తి పడతారు. అదే దేశపు తూర్పు తీరాన చెసాపీక్ అఖాతంలో వేసవి గాలులు మందకొడివి. మేరీలాండ్‌లో ఉన్న మా దూరపు బంధువు ఒకాయన నూటయాభై శాతం జెనోవాతో కూడా జులై నెలలో పడవ కదలక యంత్రం వేసుకుంటానని చెప్పాడు. కనుక తెరచాప పరిమాణం పడవ జాతకం ఒక్కటి చూసి చెప్పేది కాదు. ఊరి జాతకం కూడా చూడాలి.

పడవ జాతకంలోనూ ఒక మెలిక ఉన్నది. ముందు తీగ స్తంభం కొస దాకా పోతే దాన్ని మాస్ట్‌హెడ్ అమరిక అంటారు. అలాంటి పడవకు ముందు తెరచాపే ముఖ్యమైన ఎద్దు. తీగ కొస కంటె కిందనే ఆగిపోతే అది ఫ్రాక్షనల్ అమరిక. అక్కడ వెనుక తెరచాప పెద్దది, బరువు లాగేది అదే, ముందుది చిన్నదైనా సరిపోతుంది. మా వాళ్ల పడవ మొదటి రకం. అల్లుడుగారి వాదానికి ఇక్కడ బలముంది. ముందు ఎద్దును చిక్కిస్తే బండి నడవదు కదా అని ఆయన సందేహం.

ఈ సందేహం పట్టుకుని నేను హుస్సేన్‌సాగర్ ఒడ్డుకు వెళ్లాను. మూసారాంబాగు స్టేషన్లో మెట్రో ఎక్కి ఖైరతాబాదులో దిగితే అక్కడి నుంచి ఆటోకు ఎంతో దూరం లేదు. ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో తవ్వించిన ఆ చెరువు మీద జులై నెలలో పడమటి గాలి బలంగా వీస్తుంది. సైన్యపు ఈఎంఈ సెయిలింగ్ అసోసియేషన్ హైదరాబాదు సెయిలింగ్ వీక్ పేరిట పందేలు నిర్వహించేది ఆ వానాకాలపు గాలిని నమ్ముకునే. అక్కడ నడిచేవి విహార పడవలు కావు, చిన్న చిన్న పందెపు పడవలు. అయినా నాకు కావలసిన పాఠం అక్కడ దొరికింది.

లేజర్ అనే ఒంటరి మనిషి పడవ ఉన్నది. దానికి ముందు తెరచాప ఉండదు, ఒకటే తెరచాప. అయితే పడవ ఒకటే, తెరచాపలు మూడు కొలతలు. ఒకటి 7.06 చదరపు మీటర్లు, రెండవది 5.76, మూడవది 4.7. పడవ మార్చనక్కర లేదు, ఎక్కే మనిషిని బట్టి తెరచాప మారుస్తారు. బరువైన పురుషుడికి పెద్దది, తేలికైనవారికి నడిమిది, చిన్న పిల్లలకు చివరిది. ఒడ్డున తాళ్లు విప్పుతున్న శిక్షకుణ్ణి, "పెద్దది కట్టుకుంటే వేగం ఎక్కువ కదా, చిన్నది ఎందుకు?" అని అడిగాను. ఆయన నవ్వి, "పెద్దదానితో తేలికపాటి పిల్ల పడవను నడపలేదండీ, ఆపుకోవడంతోనే సరిపోతుంది. నడిపేవాళ్లే గెలుస్తారు" అన్నారు. ఆ మాట రాసుకున్నాను.

ఇదే చెరువు మీద సాధన చేసిన కొంగర ప్రీతి 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో సుధాంశు శేఖర్‌తో కలిసి 470 తరగతి పడవ నడిపింది. ఆ పడవ పొడవు 4.70 మీటర్లు, దాని జిబ్ 3.58 చదరపు మీటర్లు మాత్రమే. అంతర్జాతీయ పందెంలో కూడా ఇద్దరు మనుషుల పడవకు ముందు తెరచాప అంత చిన్నదే అని చెప్పగా అల్లుడుగారు కొంత మెత్తబడ్డారు. ఆ పడవ అతి తేలికైనదని, పోలిక పూర్తిగా కుదరదని ఆయన అన్నది కూడా నిజమే.

మరొక మాట ఆయనే తెచ్చారు. "చుట్టుకొనే ఏర్పాటు ఉంది కదా మావయ్యగారూ. గాలి హెచ్చినప్పుడు నూటయాభైని కొంత చుట్టేస్తే నూరు అవుతుంది. పెద్దది కొంటే రెండూ ఉన్నట్టే." ఫర్లర్ అనే ఆ పరికరం ముందు తీగ చుట్టూ తెరచాపను పాయసపు చాపలా చుట్టేస్తుంది. వాదం వినడానికి ఇంపుగా ఉన్నది. కాని తెరచాప బల్లపరుపు గుడ్డ కాదు. దానిలో కడుపు ఉంటుంది, దర్జీ తెలివంతా ఆ వంపులోనే ఉంటుంది. కొంత వరకు చుడితే వంపు నిలుస్తుంది, మరీ చుడితే చివర సంచిలా తయారవుతుంది. సంచి పడవను ముందుకు లాగదు, పక్కకు ఒరగదోస్తుంది. పాతిక నుంచి ముప్పై శాతం దాకా చుట్టవచ్చునని తెరచాపలు కుట్టేవారి మాట. నూటముప్పై అయిదును నూరుకు తేవాలంటే ఇరవై ఆరు శాతం తగ్గించాలి, అది హద్దులోనే ఉంది. నూటయాభైని నూరుకు తేవాలంటే మూడవ వంతు తగ్గించాలి, అది హద్దు దాటింది. పైగా మందమారుతానికని పలుచని గుడ్డతో కుట్టిన పెద్ద తెరచాపను సగం చుట్టి పెనుగాలిలో నిలబెడితే బట్ట సాగి శాశ్వతంగా పాడవుతుంది. చుట్టిన ప్రతిసారీ తాడు వచ్చే కప్పీని కూడా ముందుకు జరపాలి. ఒరిగిన పడవ మీద ఆ పని చేసేది మళ్లీ అమ్మాయే.

అమ్మాయి చెప్పిన సంగతులు రెండు నాకు పుస్తకాలలో కనబడినవాటికంటె గట్టివనిపించాయి. ఒకటి, గాలికి ఎదురుగా వెళ్లేటప్పుడు పడవ వంకరటింకరగా మలుపులు తిరుగుతూ పోవాలి. ప్రతి మలుపులోనూ ముందు తెరచాపను ఒక పక్క వదిలి రెండవ పక్కకు లాగాలి. జిబ్ అయితే స్తంభం ముందుగా చటుక్కున దాటిపోతుంది. జెనోవా అయితే స్తంభాన్నీ, పక్క తీగలనూ రాసుకుంటూ, చిక్కుకుంటూ రావాలి. వచ్చిన తరవాత ఆ పొడుగాటి తాడునంతా వించ్ మీద తిప్పి తిప్పి బిగించాలి. ఒక మధ్యాహ్నంలో ముప్పై మలుపులు. రెండు, నేల దాకా దిగిన జెనోవా వెనుక ఏమున్నదో కనబడదు. "ఆ గుడ్డ వెనుక నుంచి ఫెర్రీ వస్తే మనం చూసే సరికి అది మన మీద ఉంటుంది నాన్నా. పాపను ఎక్కించుకున్నప్పుడు నాకు ఇదే దిగులు." ఆ వాక్యం తరవాత తీర్పు చెప్పడానికి నాకు ఎక్కువ సమయం పట్టలేదు.

అయినా అల్లుడుగారి పక్షాన్ని తోసిపుచ్చలేదు. శీతకాలంలో అక్కడ గాలి తగ్గుతుంది. పడవ కట్టే కాలువలో ఎప్పుడూ మందగాలే. "గాలి వచ్చినప్పుడే తూర్పారబట్టుకోవాలి" అని మన సామెత. గాలి తక్కువగా ఉన్ననాడు పెద్ద గుడ్డ లేకపోతే ఆ కాస్త గాలి వృథా అవుతుందని ఆయన బాధ. న్యాయమైన బాధ. అయితే సామెతను ఇంకొంచెం తరచి చూస్తే, తూర్పారబట్టేవాడు తన చేటనే తెస్తాడు గాని ఊరుమ్మడి గుమ్మి తీసుకురాడు. చేతికి ఇమిడేది చేట.

నేను రాసి పంపిన తీర్పు ఇది. ముందుగా మీరు ఏ నెలల్లో, ఏ వేళల్లో నీటి మీదికి వెళ్తున్నారో గడచిన ఏడాది లెక్క తీయండి. ఎక్కువ రోజులు ఏ గాలి వీచిందో ఆ గాలికి తెరచాప కుట్టించండి, మీరు ఊహించుకునే గాలికి కాదు. పడవలో ఉన్నవారిలో తక్కువ బలమున్న మనిషి, రెండవ మనిషి సాయం లేకుండా, భయం లేకుండా లాగగలిగినంతే దాని కొలత. వెనుక మూలను కొంచెం ఎత్తుగా కోయించండి, కింద నుంచి చూపు ఆనుతుంది. బట్ట మందంగా తీసుకోండి. చుట్టినప్పుడు ఎండ తగిలే అంచుకు ముదురు గుడ్డ పట్టీ వేయించండి. మందగాలి రోజుల కోసం ముందు ముందు ఒక పలుచని తెరచాప, వాడినదైనా సరే, సంచిలో పెట్టుకోండి. రెండు పనులకు రెండు పనిముట్లు. ఒక్కటే పనిముట్టు కొనగలిగితే ప్రాణానికి సంబంధించిన పనికి కొనండి.

వారు ఏడాది లెక్క తీశారు. పడవ ఎక్కిన ఇరవై రెండు రోజుల్లో పదహారు వేసవి మధ్యాహ్నాలే. తెరచాపలు కుట్టే ఆయన స్వయంగా వచ్చి కొలిచి, నూటపది శాతం చాలునన్నారు. అదే కుట్టించారు. అమ్మాయి మళ్లీ పడవ ఎక్కింది. ఇప్పుడు మలుపులో తాడు లాగడం పాపకు కూడా నేర్పుతోందట. శీతకాలంలో పడవ మూడు నాట్లకు మించి నడవడం లేదని అల్లుడుగారు అప్పుడప్పుడు గొణుగుతూనే ఉన్నారు. ఆ రోజుల్లో అమ్మాయి పుస్తకం చదువుకుంటుందట. చిన్న తెరచాపకు చెల్లించవలసిన మూల్యం అది, దాన్ని దాచడం న్యాయం కాదు.

పెనుగాలిలో చిన్న గుడ్డే దిక్కన్న సంగతికి మన ఆడపిల్లలే సాక్షులు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి 2018 మే నెలలో తిరిగి వచ్చిన నౌకాదళపు తారిణిలో ఆరుగురు స్త్రీలు భూమిని చుట్టి వచ్చారు. వారిలో విశాఖపట్నం అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి ఐశ్వర్య బొడ్డపాటి ఉన్నారు. దక్షిణ పసిఫిక్‌లో గంటకు వంద కిలోమీటర్లు మించిన గాలిని దాటి 2018 జనవరిలో కేప్ హార్న్ చుట్టారు. ఆ ఓడలో తుపాను కోసం ప్రత్యేకమైన చిన్న తెరచాప కూడా ఉండేది. ఎప్పుడు ఎంత గుడ్డ దించాలో తెలిసినవారే ఇల్లు చేరతారు.

నా చిన్నతనంలో గోదావరి కాలువల మీద అతుకుల తెరచాపలు ఎత్తుకుని ధాన్యం పడవలు వెళ్తుండేవి. గాలి లేని రోజున గట్టు వెంట మనుషులు తాడుతో లాగేవారు. గాలి మరీ హెచ్చిన రోజున తెరచాప దించి ఒడ్డుకు కట్టేసేవారు. శాతాలు వారికి తెలియవు గాని, ఎంత గాలికి ఎంత గుడ్డ అన్నది చేతులకు తెలుసు. దానికి తగిన మాటలు కూడా వారికి ఉండే ఉంటాయి. తెరచాప మూలకు, ఆ మూల నుంచి వచ్చే తాడుకు, సగం దించిన తెరచాపకు. ఈ టపాలో నేను జిబ్ అనీ, ఫర్లర్ అనీ రాయవలసి వచ్చిన ప్రతిచోటా ఆ మాటలు గుర్తుకు వచ్చి చేయి ఆగింది. కోనసీమ, కోరంగి, భీమిలి వైపు పెద్దలు ఇంట్లో ఉన్న మిత్రులు దయచేసి అడిగి చూడండి. ఒక్క మాట దొరికినా వ్యాఖ్యగా రాయండి. కుట్టించిన తెరచాప అమెరికాలో నడుస్తున్నది. దాని భాగాలకు మా మనవరాలు తెలుగులో పేర్లు అడుగుతోంది.

సెలవు.